చెట్టు ముందే మేలుకుంటే

మా నాన్నగారికి నూజివీడు దగ్గర ఏడెకరాల మామిడి తోట ఉంది. జనవరి వచ్చిందంటే ఫోనులో ఆయన ముందుగా చెప్పేది పూత సంగతి, ఆ తర్వాతే ఇంటి సంగతులు. తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి పొద్దెక్కేదాకా విడవకపోతే పూత మీదికి తేనెమంచు పురుగు చేరుతుందని, దాని వెంటే బూడిద తెగులు వస్తుందని నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆయనకు తెలిసిన మంచు ఆకుల మీద తడిగా దిగి, ఎండ రాగానే ఆరిపోయే మంచు. నేను ఉంటున్న మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో తోట రైతులు భయపడే మంచు వేరు. మన భాషలో పొగమంచూ మంచే, గడ్డి పరకల మీద నిలిచే బిందువులూ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. లంబసింగి, చింతపల్లి వంటి కొండ ఊళ్లలో కొన్ని రాత్రులను మినహాయిస్తే మన నేల మీద నీరు రాత్రికి రాత్రి గడ్డకట్టదు కనుక, ఇక్కడివాళ్లు ఫ్రాస్ట్ అనేదానికి మన రైతుకు వేరే పేరు అవసరపడినట్టు లేదు. ఈ వ్యాసం వరకు దాన్ని నేను పేరిన మంచు అంటాను, ఇక్కడి తోటల విషయంలో ఒట్టి మంచు అన్నా ఆ అర్థంలోనే. చలికి గిన్నెలో నెయ్యి పేరినట్టు, మొగ్గ మీది తడి, ఆ తర్వాత మొగ్గ లోపలి తడి కూడా పేరుకుపోయే స్థితి అది.

ఒక ఏప్రిల్‌లో ఇక్కడి ఆపిల్ తోటలకు మంచు దెబ్బ తగిలిందని చెప్పినప్పుడు నాన్నగారు అడిగారు: "భూమి వేడెక్కిపోతోందని రోజూ టీవీలో చెబుతున్నారు కదమ్మా, మరి మీ దగ్గర చలికి పూత మాడిపోవడమేంటి?" ఆ ప్రశ్న సబబైనదే. ఇక్కడ మా ఆఫీసులో పనిచేసే తెలుగువాళ్లు కూడా ఇదే మాట రెండు రకాలుగా అంటుంటారు. వేడి పెరిగితే మంచు బాధ తగ్గాలి కదా అని కొందరు, ఇంకా మంచు పడుతోందంటే వేడి మాట అబద్ధమే కదా అని మరికొందరు. ఆ రోజు ఫోనులో నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు నింపాదిగా చెప్పాలని కూర్చున్నాను.

నేను ఇక్కడ గడిపిన మొదటి చలికాలం 2011–12. పోల్చుకోవడానికి మరో చలికాలం తెలియదు కనుక అది ఎంత మెత్తగా గడిచిపోయిందో నాకు తెలియలేదు. మార్చి మధ్యకు వచ్చేసరికి పగటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకి, 27 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు వరసగా వచ్చాయి. ఆ వారాల్లో ఇక్కడ మామూలుగా ఉండేది ఏడెనిమిది డిగ్రీలు. రాష్ట్రపు ఉత్తర భాగంలో, చలికి పేరుపడ్డ పెల్‌స్టన్ అనే ఊళ్లో మార్చి మూడో వారంలో 29 డిగ్రీలు నమోదై, ఆ తేదీకి అంతకు ముందున్న రికార్డును సుమారు 18 డిగ్రీల తేడాతో దాటేసింది. రికార్డులు సాధారణంగా ఒకటి రెండు డిగ్రీల తేడాతో మారుతుంటాయి. పద్దెనిమిది డిగ్రీల తేడా అంటే ఏమిటో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఆ ఏడాది నందన నామ సంవత్సర ఉగాది మార్చి 23న వచ్చింది. నేను నూలు చీర కట్టుకుని, మా వీధి చివర విరగబూసిన మాగ్నోలియా చెట్టు కింద నిలబడి ఫోటో తీయించుకుని ఇంటికి పంపాను. పండగ నాటికి చెట్టు పూసి ఉండడం మనకు శుభసూచకమే కదా, నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాత ఏప్రిల్ తన మామూలు చలితో తాను వచ్చింది. ఆ నెలలో ఎన్నో రాత్రులు ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగింది. ఇక్కడ ఏప్రిల్‌లో అది వింతేమీ కాదు. అప్పటికి తోటలు ఉన్న స్థితే వింత. సెప్టెంబరులో అందరిలాగే మేమూ ఆపిల్ కాయలు స్వయంగా కోసుకునే తోటకు బయలుదేరి వెళితే గేటు మూసి ఉంది. ఈ ఏడాది కాయ లేదని ఒక అట్టముక్క మీద రాసి కట్టారు. మిచిగన్‌లో మామూలు ఏడాదికి రెండు కోట్లకు పైగా బుషెళ్ల ఆపిల్ పండుతుంది. ఒక బుషెల్ అంటే దాదాపు 19 కిలోలు. 2012లో పండింది 30 లక్షల బుషెళ్ల లోపే. అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో అధిక భాగం ఈ రాష్ట్రానిదే, ఆ పంటలో నూటికి తొంభై వంతులకు పైగా పోయింది. పై అనే తీపి వంటకం, జామ్ తయారుచేసే కంపెనీలు ఆ ఏడాది పోలండ్ నుంచి చెర్రీలు తెప్పించుకున్నాయి. కోతల కోసం కుటుంబాలతో దక్షిణం నుంచి వచ్చే వలస కూలీలకు కోయడానికి కాయ లేకపోయింది. పుల్ల చెర్రీకి అప్పటికి పంట బీమా అన్నదే లేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో, స్పార్టా ఊరి దగ్గర తోట ఉన్న ఒక పెద్దాయనతో మా ఇంటివాళ్లకు చనువు పెరిగింది. నాన్నగారి ప్రశ్నకు జవాబు నాకు మొదట అందింది ఆయన తోటలోనే. ఆపిల్, చెర్రీ, పీచ్ వంటి చెట్లు ఆకు రాల్చి నిద్రపోయేటప్పుడు వాటి లోపల ఒక లెక్క మొదలవుతుంది. సున్నాకూ ఏడు డిగ్రీలకూ మధ్య గడిచే గంటలను అవి కూడబెట్టుకుంటాయి. చాలా ఆపిల్ రకాలకు ఇటువంటి గంటలు వెయ్యి చుట్టుపక్కల కావాలి. ఈ చలి బాకీ తీరేదాకా మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినా మొగ్గ కదలదు. డిసెంబరులో వచ్చే దొంగ ఎండకు మోసపోకుండా చెట్టుకు ప్రకృతి ఇచ్చిన కాపుదల అది. బాకీ తీరిన రోజు నుంచి రెండో లెక్క, అంటే వేడి లెక్క, మొదలవుతుంది. ఇక ఆ పైన ఎంత వెచ్చదనం అందితే మొగ్గ అంత వేగంగా ఉబ్బుతుంది. మిచిగన్ వంటి చలి ప్రాంతంలో మొదటి లెక్క జనవరి, ఫిబ్రవరి నాటికే పూర్తవుతుంది. ఆ తర్వాత చెట్టును ఆపి ఉంచేది బయటి చలి ఒక్కటే. ఆ చలి మార్చిలో పది రోజులు తప్పుకుంటే, చెట్టుకు ఇక వేచి ఉండే కారణం ఏదీ మిగలదు.

మామిడికి ఇంత పొడుగు నిద్ర లేదు. అయినా పూత కట్టడానికి దానికీ రాత్రి చలి కావాలి. డిసెంబరులో చలి ఆలస్యమైన ఏడు పూత విడతలు విడతలుగా వచ్చి, ఒకే కొమ్మ మీద పిందె, పూత కలిసి కనిపిస్తాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే చలి బాకీ మాట చెప్పగానే నాన్నగారికి మిగతాది విడమరచి చెప్పే పని పడలేదు.

ఆయనకు కొత్తగా అనిపించింది మొగ్గ తన చలువ ఓర్పును ఎంత వేగంగా పోగొట్టుకుంటుందన్న విషయం. నిద్రలో ఉన్న ఆపిల్ మొగ్గ సున్నాకు పాతిక డిగ్రీల కిందికి పోయినా తట్టుకుంటుంది. మొగ్గ కొన వెండి రంగుకు తిరిగే దశలో సున్నాకు తొమ్మిదిన్నర డిగ్రీల కింద నూటికి పది మొగ్గలు చస్తాయి. పువ్వు పూర్తిగా విచ్చాక ఆ పది వంతుల నష్టానికి సున్నాకు 2.2 డిగ్రీల కింద చాలు, 3.9 డిగ్రీల కిందికి దిగితే నూటికి తొంభై పోతాయి. ఈ అంకెలున్న కాగితం ఇక్కడి ప్రతి తోట రైతు గోడ మీదా ఉంటుంది. పంటకూ పంటనష్టానికీ మధ్య ఉన్నది రెండు డిగ్రీల కన్నా తక్కువ తేడా అని ఆ కాగితం చెబుతుంది. అంటే ఏప్రిల్ రాత్రి చలి పూర్వంకన్నా పెరగనవసరం లేదు. పూర్వంకన్నా కాస్త తగ్గినా సరే, అది వచ్చేసరికి చెట్టు నిద్రలో కాకుండా పూతలో ఉంటే చాలు.

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్ చివర ఒక ఉదయం ఆ పెద్దాయన మమ్మల్ని రమ్మన్నారు. తోటంతా తెల్లగా, లేత గులాబీ రంగులో నిండుగా పూసి ఉంది. మా పిల్లలు చూసి కేరింతలు కొట్టారు. ఆయన వేర్వేరు వరసల నుంచి చిన్న కొమ్మలు కోసి తెచ్చి షెడ్డులో రెండు మూడు గంటలు ఉంచారు. తర్వాత బల్ల మీద ఒక్కొక్క పువ్వును పెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో తొడిమకు కాస్త పైన అడ్డంగా కోశారు. బతికున్న పువ్వు నడుమ లేత పచ్చని చుక్క కనిపిస్తుంది. అది రేపు కాయ కావలసిన అండాశయం. చచ్చినదాంట్లో ఆ చుక్క నీళ్లు తగిలిన బెల్లంలా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, మధ్యాహ్నానికి నల్లబడుతుంది. రేకులు మాత్రం రెండింటిలోనూ ఒకేలా తాజాగా ఉంటాయి. పైనుంచి చూస్తే ఏది బతికిందో ఏది చచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయన పచ్చవి ఒక పక్కకు, గోధుమరంగువి ఒక పక్కకు తోస్తూ వంద లెక్కపెట్టారు. పల్లంలో ఉన్న వరసల పూలు వందకు ఎనభై నాలుగు గోధుమరంగు గుట్టలోకే వెళ్లాయి. అప్పటిదాకా గుమ్మంలో ఆడుకుంటున్న మా చిన్నమ్మాయి వచ్చి, ఇంత అందంగా ఉన్నవి ఎందుకు కోసేస్తున్నారని అడిగింది.

ఆపిల్‌కు ఒక ఊరట ఉంది. పూసిన పూలలో నూటికి పది కాయగా నిలిచినా చెట్టు నిండుగా కాసినట్టే, మిగతావాటిని రైతే పలచన చేస్తాడు. కానీ గుత్తిలో నడుమ పువ్వు అన్నింటికన్నా ముందు విచ్చుతుంది, మంచి సైజు కాయ దానిదే, అందరికన్నా ముందు చచ్చేదీ అదే. చెర్రీకి ఆ ఊరట కూడా లేదు, పోయిన ప్రతి పువ్వూ పోయిన పండే.

అసలు ఇక్కడ పండ్ల తోటలు ఎందుకు వచ్చాయో తెలిస్తే ఈ నష్టం ఇంకా బాధ కలిగిస్తుంది. మిచిగన్ సరస్సు మీదుగా పడమటి గాలి వీస్తుంది. వసంతంలో ఆ నీళ్లు ఇంకా మంచుగడ్డల చలిలోనే ఉంటాయి కనుక ఒడ్డు వెంబడి ఉన్న నేల ఆలస్యంగా వెచ్చబడుతుంది, చెట్లు ఆలస్యంగా మేలుకుంటాయి, అప్పటికి మంచు రాత్రులు గడిచిపోయి ఉంటాయి. గ్రాండ్ రాపిడ్స్‌కు వాయవ్యంగా ఉన్న ఫ్రూట్ రిడ్జ్ అనే మెరక నేల దానికి తోడు. చల్లగాలి బరువైనది కనుక రాత్రిపూట నీళ్లలా పల్లానికి జారిపోయి, మెరక మీది చెట్లను విడిచిపెడుతుంది. నూరేళ్లకు పైగా రైతులు ఈ రెండు ఏర్పాట్లనూ నమ్ముకుని తరం తర్వాత తరం తోటలు వేశారు. 2012 మార్చిలో వేడిగాలి దక్షిణం నుంచి నేల మీదుగా వచ్చింది. సరస్సు చలి దానికి అడ్డు కాలేకపోయింది. ఇంకొక విషయం కూడా నన్ను ఆలోచనలో పడేసింది. పుల్ల చెర్రీ ఇంతగా నాశనమైన మరొక సంవత్సరం 2002. మిచిగన్ సరస్సుతో కూడిన ఇక్కడి మహా సరస్సుల మీద గడ్డకట్టే విస్తీర్ణాన్ని 1973 నుంచి కొలుస్తున్నారు, ఆ కొలతల్లో అత్యల్పంగా నమోదైన సంవత్సరాల్లో 2002, 2012 రెండూ ఉన్నాయి. గడ్డ తగ్గడం వల్లే పంట పోయిందని నేను అనడం లేదు. మెత్తని చలికాలం ఆ రెంటినీ వెంటబెట్టుకుని వచ్చింది.

అమెరికాలో మంచు పడని రోజుల కాలం గత శతాబ్దపు ఆరంభంతో పోలిస్తే రెండు వారాలకు పైగా పెరిగింది. వసంతంలో ఆఖరి మంచు తేదీ ముందుకు జరుగుతున్న మాట నిజమే. ఆ లెక్క ఒక్కటే చూస్తే రైతుకు మేలు జరిగిందనే అనిపిస్తుంది. అయితే పూత తేదీ కూడా ముందుకు జరిగింది. కొన్ని దశాబ్దాల కిందటితో పోలిస్తే ఇక్కడి చెర్రీ మొగ్గలు సుమారు వారం పది రోజులు ముందుగా కదులుతున్నాయి. ఈ రెండు తేదీలూ కలిసి నడిస్తే ప్రమాదం ఎప్పటిలాగే ఉండేది. పూత తేదీ వారాల తరబడి పోగయ్యే వెచ్చదనాన్ని బట్టి కదులుతుంది, ఆఖరి మంచు మాత్రం ఉత్తరం నుంచి ఒక్క రాత్రి దిగివచ్చే గాలి మీద ఆధారపడి ఉంటుంది. సగటు మారినంత తేలికగా ఆ ఒక్క రాత్రి మారదు. నాన్నగారికి ఇవ్వాలనుకున్న జవాబు ఇంతే. చలి పెరగలేదు నాన్నా, చలి ఇంట్లోంచి వెళ్లకముందే చెట్టు తలుపు తీస్తోంది.

2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో జరిగినది దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మార్చి చివరి రోజున అక్కడ చాలా చోట్ల మార్చి నెలకు రికార్డు వేడి నమోదైంది. వారం తిరిగేసరికి ఏప్రిల్ 6 నుంచి 8 వరకు వరసగా మంచు రాత్రులు వచ్చి, చిగురించిన ద్రాక్షతోటలనూ పండ్ల తోటలనూ కాల్చేశాయి. రైతులు రాత్రంతా ద్రాక్ష వరసల మధ్య వేలాది మైనపు కుండలు వెలిగించి కూర్చున్నారు. అప్పటి వ్యవసాయ మంత్రి జూలియన్ దెనోర్మాందీ దీన్ని ఈ శతాబ్దపు ఆరంభంలో బహుశా అతి పెద్ద వ్యవసాయ విపత్తుగా అభివర్ణించారు. ఆ తర్వాత వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ శాస్త్రవేత్తల బృందం లెక్కలు కట్టింది. భూమి వేడెక్కకపోయి ఉంటే ఆ ఏప్రిల్ చలి ఇంకో 1.2 డిగ్రీలు ఎక్కువగానే ఉండేదని తేలింది. అయినా, చిగురు ముందే వస్తున్నందువల్ల, చిగురు వేసిన తర్వాత ఇలాంటి మంచు పడే అవకాశం సుమారు 60 శాతం పెరిగిందని కూడా అదే లెక్కలో తేలింది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడమని నన్ను ప్రశ్నించే ప్రతి ఒక్కరికీ చెబుతాను. మొదటిది ఒక్కటే చదివిన వాళ్లకు వేడెక్కడం రైతుకు మేలు చేసినట్టు కనిపిస్తుంది.

దక్షిణాదికి పోతే కథ కొంచెం మారుతుంది. అట్లాంటాలో ఉండే మా పిన్ని కూతురు 2023లో పీచ్ పళ్లు దొరకడం లేదని చెప్పింది. జార్జియా రాష్ట్రంలో ఆ ఏడాది పీచ్ పంట నూటికి తొంభై వంతులకు పైగా పోయింది. అక్కడ చలికాలమే వెచ్చగా గడిచి కొన్ని రకాలకు చలి బాకీ సరిగా తీరలేదు, తీరినవేమో తొందరగా పూసి మార్చి మంచుకు చిక్కాయి. ఒకే తోటలో రెండు విధాల నష్టం.

రైతు చేతిలో ఏముందని నాన్నగారు అడిగారు. ఆ పెద్దాయన తోటలో పది మీటర్ల ఎత్తు స్తంభం మీద రెండు రెక్కల పెద్ద పంకా ఉంది. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది, చల్లగాలి అడుగున చేరి, కాస్త వెచ్చని గాలి పైన నిలుస్తుంది. ఆ వెచ్చని పొరను కిందికి లాగి చెట్ల మీద పరచడం పంకా పని. ఒక్కటి సుమారు పదెకరాలకు సరిపోతుంది. దానితో దక్కేది ఒకటి రెండు డిగ్రీలే, కానీ పైన చెప్పిన కాగితం ప్రకారం పంటంతా ఆ రెండు డిగ్రీలలోనే ఉంది. 2012లో కొందరు హెలికాప్టర్లు అద్దెకు తెచ్చి ఇదే పని చేయించారు. చలిగాలి బలంగా వీచే రాత్రి పైన వెచ్చని పొర ఉండదు కనుక పంకా తిప్పినా ఫలితం లేదు. స్ట్రాబెర్రీ వేసినవాళ్లు రాత్రంతా నీళ్లు చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు ప్రతి గ్రాముకూ 80 కేలరీల వేడి వదులుతుంది, ఆ వేడి పువ్వును సున్నా దగ్గర నిలబెడుతుంది. మధ్యలో నీళ్లు ఆగిపోతే అదే తడి ఆవిరవుతూ అంతకు ఎన్నో రెట్ల వేడిని పువ్వు నుంచే లాగేస్తుంది, అప్పుడు ఏమీ చేయకుండా ఉంటేనే నయం. అర్ధరాత్రి మోటారు ఆగిపోతే ఆ రైతు పడే ఆందోళన, కరెంటు కోతల కాలంలో బోరు దగ్గర కాపలా కాసిన మా నాన్నగారికి నేను వర్ణించి చెప్పనవసరం లేకపోయింది.

ఏడాది పంట వేసే రైతు విత్తే తేదీని మార్చుకోగలడు. తోట రైతుకు ఆ వీలు లేదు. చెర్రీ చెట్టు పాతితే పాతికేళ్లకు పైగా ఆ చోటే నిలవాలి, అంటే ఈ ఏడాది నాటే మొక్క 2050 మార్చి ఎలా ఉంటుందో ఊహించి నాటినట్టు. ఆలస్యంగా పూసే రకాలను పెంచే పరిశోధనలు సాగుతున్నాయి, అవి ఫలించాలని మనసారా కోరుకుంటున్నాను. 2012 తర్వాతి ఏడాది మిచిగన్ ఆపిల్ తోటలు మూడు కోట్ల బుషెళ్లు కాశాయి, విరామం దొరికిన చెట్లు విరగకాశాయి. ఆ లాభం కళ్లచూడకుండానే అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఎందరుంటారోనని అనిపిస్తూ ఉంటుంది.

పెద్దాయన తోటలో పల్లపు వరసలను మొన్న శరదృతువులో పీకేశారు. ఎనభై నాలుగు గోధుమరంగు చుక్కలు లెక్కపెట్టిన ఆ వరసలే. అక్కడ ఇప్పుడు గడ్డి వేశారు, మెరక మీద పాత చెట్ల మధ్య ఖాళీల్లో కొత్త మొక్కలు నాటారు. ఏప్రిల్ వచ్చినప్పటి నుంచి ఆయన పడక తోట పక్కన ఆపిన ట్రక్కులోనే. పల్లంలో ఒక కర్రకు థర్మామీటరు కట్టి ఉంటుంది, అది ఒక డిగ్రీకి దిగగానే ఫోను మోగేలా ఏర్పాటు ఉంది. అది మోగితే లేచి పంకా తిప్పుతారు. నిన్న రాత్రి మోగలేదని ఇవాళ పొద్దున చెప్పారు. మొగ్గలు అప్పటికే గులాబీ రంగుకు తిరిగాయట.